నీటి వాటం

లాస్ ఏంజలీసు నగరంలో 1928వ సంవత్సరంలో కట్టిన ఒక ఇల్లు ఉన్నది. కప్పు మీద ఎర్రని గూనపెంకులు, గరుకు గార పూసిన తెల్లని గోడలు, వీధివైపు ఒక పెద్ద కమాను కిటికీ, దానికి వంకీల ఇనుప చట్రం. దారిన పోయేవారు దానిని స్పెయిన్ ఇల్లు అంటారు. రెండు పడకగదులు గల ఆ ఇంటికి స్నానాలగది ఒక్కటే. అది అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ నలభై చదరపుటడుగులకు సంబంధించినదే.

స్పెయిన్ అనే మాటను ముందు కొంచెం విప్పి చూడవలసి ఉన్నది. ఫ్రాన్సిస్కన్ సన్యాసులు కాలిఫోర్నియాలో తమ మొదటి మఠాన్ని 1769లో సాన్ డియాగో వద్ద నెలకొల్పారు. 1823 నాటికి అటువంటి మఠాలు ఇరవై ఒకటి అయినవి. ఇంతలో 1821లో ఆ నేల మెక్సికో పాలన కిందికీ, 1848లో అమెరికా సంయుక్త రాష్ట్రాల కిందికీ వచ్చింది. ఆ తొలినాటి ఇళ్లు పచ్చి ఇటుకలతో కట్టినవి. వాటిలో స్నానాలగది అనేదే లేదు. నేడు స్పెయిన్ తరహా అని అందరూ మురిసిపోయే ఇల్లు ఆ మట్టి ఇళ్లకు వారసురాలు కాదు, ఒక ప్రదర్శనకు వారసురాలు. పనామా కాలువ తెరిచిన సందర్భంలో 1915లో సాన్ డియాగోలో జరిగిన ఆ ప్రదర్శనకు బెర్ట్రం గుడ్‌హ్యూ అనే వాస్తుశిల్పి స్పెయిన్, మెక్సికో దేశాల పాత కట్టడాల పోలికతో భవనాలు కట్టించాడు. అవి చూచినవారి మనస్సులలో నాటుకొన్నవి. 1925 జూన్ 29వ తేదీ ఉదయం వచ్చిన భూకంపం సాంటా బార్బరా పట్టణపు నడిబొడ్డును కూల్చివేయగా, పట్టణంవారు ఆ తరహాలోనే తిరిగి కట్టుకొన్నారు. చమురు, సినిమా వ్యాపారాలతో పొంగిపోతున్న లాస్ ఏంజలీసులో అదే తరహా ఇళ్లు వేలకొలది లేచినవి. పేరు స్పెయినుది, ఊహ అమెరికాది, పని చేసిన చేతులలో మెక్సికోవారివి తక్కువ కావు.

అయితే మూలం ఇరవలు కాబట్టి అందం అబద్ధమని ఎవరూ అనలేరు. ఆ చిన్న స్నానాలగదిలోకి అడుగుపెట్టినవారు అసలే అనలేరు. గోడలకు నిలువెత్తు పింగాణి పలకలు, లేత సముద్రపు పచ్చ రంగువి. అంచుకు నల్లని పట్టీ. రొమ్మెత్తున గది చుట్టూ ఒక వరుస చిత్రపు పలకలు. పలక పలకకూ ఎనిమిది కొసల నక్షత్రం, నీలం, పసుపు, ఇటుక ఎరుపు రంగులలో. స్పెయిన్ భాషలో ఇటువంటి పలకకు అసులేహో అని పేరు. ఆ మాట అరబ్బులది. ఆ విద్య కూడ చాలావరకు అరబ్బుల నుండి వచ్చినదే. కొవ్వు కలిపిన నల్లని పొడితో ముందు గీతలు గీస్తారు. ఆ గీతల నడుమ రంగు రంగు మెరుగుపూతలు నింపి కాలుస్తారు. కొవ్వు పూతను దరి చేరనీయదు కాబట్టి ఒక రంగు మరొక రంగులోకి పారదు. కాలిన తరువాత కొవ్వు పోతుంది, సన్నని నల్ల గీత మిగులుతుంది. దీనిని ఆ దేశంలో ‘ఎండు తాడు’ అంటారు. 1926 నుండి 1932 వరకు మాలిబూ సముద్రతీరాన, 1927 నుండి 1937 వరకు కాటలీనా ద్వీపంలో, ఇటువంటి పలకలు చేసే ఆవములు ఉండేవి. ఈ ఇంటి పలకలు ఎవరి ఆవములో కాలినవో వెనుక ముద్ర లేనందువల్ల తెలియదు. గది ఒక కొసన, ఒక కమాను కింద, గోడల నడుమ బిగించినట్లు పోత ఇనుప స్నానపు తొట్టి ఉండేది. దానికీ పచ్చని పూతే. అమెరికాలో పేరుపొందిన కోలర్ కంపెనీ రంగుల తొట్లను 1927లోనే బజారుకు తెచ్చింది. కాబట్టి 1928లో పచ్చని తొట్టి గల గృహిణి ఇరుగుపొరుగును పిలిచి చూపించే ఉంటుంది.

ఈ గదిని చూచే ఆ ఇల్లు కొన్నారు ఒక తమిళ దంపతులు. ఇల్లాలు పదేపదే చెప్పేది: వంటగది నచ్చలేదు, పడకగదులు ఇరుకు, కాని నక్షత్రాల వరుస చూచిన తరువాత బేరమాడడం చేతకాలేదు అని. ఎనిమిదేళ్ల తరువాత, 2023లో, ఆమె తల్లి కారైక్కుడి ప్రాంతం నుండి వచ్చి ఆ ఇంటిలో స్థిరపడింది. అప్పటికి ఆ తల్లికి ఎనభైయొక్క ఏళ్లు.

పాశ్చాత్యుల స్నానానికీ మన స్నానానికీ ఉన్న తేడా అంతా నీరు పోయే దారిలో ఉన్నది. వారు నీటిలో కూర్చుంటారు. మనం నీటిని ఒంటిమీద పోసుకొంటాం. వారికి నీరు తొట్టిలో నిలిచి ఉండాలి, మనకు నీరు కదలి పోవాలి. అందుచేత వారి స్నానాలగది నేలకు తూము ఉండదు. తొట్టికి మాత్రమే ఉంటుంది. మన గదిలో నేలంతా తూమువైపు వాలి ఉంటుంది. ఆ వాలునే మేస్త్రీలు వాటం అంటారు. వాటం లేని నేల మీద చెంబుతో నీరు పోసుకొనే మనిషి ఏమి చేస్తుంది? ఆ తల్లి పదహారంగుళాల ఎత్తు గల తొట్టి గోడ దాటి, లోపల ఒక చిన్న పీట వేసుకొని, పక్కన బాల్చీ పెట్టుకొని స్నానం చేసేది. దిగడం కష్టం, ఎక్కడం అంతకంటె కష్టం. కూతురు తోడు వస్తానంటే ఒప్పుకొనేది కాదు.

ఒక ఉదయం తొట్టి నుండి బయటకు కాలు పెడుతూ ఆమె జారింది. గోడలో అమర్చిన సబ్బు గూడుకు ఒక పింగాణి పట్టు ఉన్నది. దానిని గట్టిగా పట్టుకొన్నది. పట్టు, గూడు, చుట్టూ ఉన్న నాలుగు పలకలు కలిసికట్టుగా ఊడి ఆమె చేతిలోకి వచ్చినవి. ఎముకలు విరగలేదు. మణికట్టు వాచింది, మోకాలు కమిలింది. కాని గోడలో పడిన ఆ కన్నం అసలు సంగతి చెప్పింది. పలకల వెనుక అంగుళం మందాన సిమెంటు గార, గారను పట్టి ఉంచే ఇనుప తీగల వల, దాని వెనుక కొయ్య కమ్మీలు—ఆనాటి పద్ధతి అది. తొంభైయైదేళ్లుగా సందులలో నుంచి దిగిన నీటికి గార నల్లబడింది, వల తుప్పై రాలింది, కమ్మీలోకి మరమేకు మొన గుచ్చితే నానిన రొట్టెలోకి దిగినట్లు దిగింది.

కాంట్రాక్టర్లు వచ్చి చూచారు. మొదటివాడు రెండు రోజులలో అంతా ఊడ్చి పారేస్తానన్నాడు. పలుచని సిమెంటు అట్టలు, వాటిమీద కొత్త పలకలు, మెట్టు లేని స్నానపు జాగా. మూడు వారాలలో ముగుస్తుందన్నాడు. రెండవవాడు తొట్టి పక్కను కోసి దానికి తలుపు పెడతానన్నాడు, ఆ తలుపు ఎన్నాళ్లు నీరు కారకుండా ఉంటుందో మాత్రం చెప్పలేదు. కూతురు మొదటివాని మాటకే మొగ్గింది. ఆమెకు నక్షత్రాలమీద ఎంత మక్కువ ఉన్నదో ఇంటివారందరికీ తెలుసు. తల్లి ఎముక కంటె పలక ఎక్కువ కాదని తానే అన్నది. ఒప్పందపు కాగితం కూడ తెప్పించింది.

అడ్డుపడినది తల్లి.

“నా ఒక్కదానికోసం ఈ గోడ పగలగొట్టవద్దమ్మాయీ. నాకు పెరటిలో పోసుకోవడం అలవాటే.”

“అమ్మా, ఇక్కడ పెరడు ఉన్నది గాని పెరటి స్నానం లేదు. ఇరుగువారు పోలీసులను పిలుస్తారు.”

“అయితే ఇట్లాగే సాగనీ.”

సాగనీ అన్నదేగాని ఆమె స్నానం సాగడం లేదు. ఆ సంగతి కూతురికి తెలియడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. తెలిసిన తీరు కూడ చిత్రమైనదే. తల్లి వంటగదిలోకి రావడం మానివేసింది. రోజూ తెల్లవారకముందే కాఫీ డికాక్షను దించే మనిషి, ఒళ్లు బాగాలేదనీ, పొగ పడడం లేదనీ, ఏదో ఒక సాకుతో వంటగది గడప ఇవతలే కుర్చీ వేసుకొని కూర్చుంటున్నది. కూతురు మొదట అది అలక అనుకొన్నది. తరువాత ఒకనాడు, తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకొంటున్న తల్లిని చూచినప్పుడు అర్థమయింది. తొట్టి దాటడానికి ఆమెకు భయం పట్టుకొన్నది. బుద్ధి తెలిసిన నాటినుండి స్నానం చేయనిదే పొయ్యి ముట్టని మనిషి ఆమె. స్నానం లేదు కాబట్టి వంటగది కూడ లేదు. ఆచారమని దీనిని ఎవరైనా తేలికగా కొట్టివేయవచ్చు. కాని ఆమెకు ఆ దేశంలో మిగిలిన అధికారమంతా ఆ పొయ్యి దగ్గరే ఉన్నది.

ఇంత భయం ఉండి కూడ గోడ పగలగొట్టనివ్వకపోవడానికి కారణం కారైక్కుడిలో ఉన్నది. చెట్టినాడు అని పేరుగల ఆ సీమలో డెబ్బైకి పైగా గ్రామాలున్నవి. నాట్టుక్కోట్టై చెట్టియార్లు బర్మాలో, సింహళంలో, మలయాలో వడ్డీ వ్యాపారం చేసి గడించిన ధనంతో అక్కడ ఒక్కొక్క వీధి నిడివి ఉండే ఇళ్లు కట్టారు. బర్మా టేకు స్తంభాలు, ఇటలీ చలువరాయి, జపాను, ఐరోపాల నుండి ఓడలమీద వచ్చిన పింగాణి పలకలు, గుడ్డు తెల్లసొనతో నూరి అద్దంవలె మెరుగుపెట్టిన సున్నపు గార. నేలకు ఆత్తంగుడి పలకలు. ఆత్తంగుడి పలకను కాల్చరు. గాజు పలక మీద చట్రం పెట్టి, రంగు కలిపిన సిమెంటు పోసి, పైన ఇసుకా సిమెంటూ అద్ది, నీటిలో నానబెట్టి ఆరబెడతారు. గాజుకు తగిలిన ముఖమే పలక ముఖం అవుతుంది కాబట్టి దానికి గాజు నునుపు వస్తుంది. అటువంటి నేలమీద పాకి పెరిగిన పిల్ల ఈమె. పుట్టినది 1942లో. ఆ సంవత్సరం మార్చి నెలలో జపాను సైన్యం రంగూనులో ప్రవేశించింది. తండ్రిగారి వ్యాపారం ఆ దెబ్బ నుండి మళ్లీ తేరుకోలేదు. ఇల్లు మిగిలింది, ఇంటిని పోషించే డబ్బు మిగలలేదు. అంత పెద్ద ఇంటిలోనూ లోపల స్నానాలగది లేదన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన విషయం. స్తంభాల హాలులు దాటి పెరటిలోకి పోయి బావి పక్కన పోసుకొనేవారు.

తరం మారినకొద్దీ వాటాలు చీలి, ఆ ఇంటికి నలభైమంది పాలివారు తేలారు. కాపురమున్నవారు ఒక్కరూ లేరు. 1982లో అమ్మకం కుదిరింది, అదీ ఇల్లు ఇల్లుగా కాదు, విడి విడి సామానుగా. పొరుగూరిలో పెళ్లికి వచ్చిన ఆమె వీధి మలుపు తిరుగుతూనే సమ్మెట చప్పుడు విన్నది. లారీలో ద్వారబంధాలు కట్టి ఉన్నవి. తమ్ముడిని పిలిచి ఇదేమిటని అడిగితే, “ఇందులో నీకేముంది అక్కా?” అన్నాడు. ఆడపిల్లకు ఆ ఇంటిలో వాటా లేదన్న మాట నిజమే. కొన్నాళ్లకు కారైక్కుడిలో పాతసామాను అమ్మే మునీశ్వరన్ కోయిల్ వీధిలో ఒక అంగడి ముందు, తన తల్లి గది గోడకు ఉండిన గులాబీల పలకలు దొంతి పెట్టి ఉండడం చూచింది. ఒక్కటైనా కొనడానికి చేయి రాలేదు. ఈ సంగతి నలభై ఏళ్లలో ఆమె ఎవరితోనూ చెప్పలేదు. లాస్ ఏంజలీసులో, వంటగది గడప ఇవతల కూర్చొని, కూతురితో మొదటిసారి చెప్పింది.

ఒప్పందపు కాగితం వెనుకకు పోయింది.

చట్టం ఏమైనా సహాయపడుతుందా అని అల్లుడు విచారించాడు. లాస్ ఏంజలీసులో 1979 నుండి చారిత్రక వాడలను కాపాడే నిబంధన ఒకటి అమలులో ఉన్నది. చారిత్రక గృహాలను బాగుచేసుకొంటామని ఒడంబడిక చేసుకొన్నవారికి ఇంటిపన్ను తగ్గించే శాసనం కాలిఫోర్నియాలో 1972లోనే వచ్చింది. కాని వాడల నిబంధన చూచేది ఇంటి వెలుపలి రూపాన్నే. గూనపెంకు మార్చాలంటే అనుమతి కావాలి. స్నానాలగది పలకలన్నీ పగలగొట్టి చెత్తబండికి ఎత్తినా అడిగేవారు లేరు. వీధిలోని కంటికి కనపడనిదాన్ని కాపాడవలసినది ఇంటివారి మనస్సే. ఇది చట్టపు లోపమని అనడానికి వీలులేదు. ప్రభుత్వం జనం స్నానాలగదులలోకి తొంగిచూడకపోవడం మంచిదే.

మూడవవాడుగా వచ్చినది కాంట్రాక్టరు కాదు, పలకల మేస్త్రీ. అరవై దాటిన మనిషి, మెక్సికోలోని ప్వెబ్లా వాడు. ప్వెబ్లా నగరం పింగాణి పలకలకు పెట్టినది పేరు. స్పెయిన్‌లోని తలవేరా ఊరి పేరుతోనే అక్కడి పింగాణిని పిలుస్తారు. ఆ రెండు దేశాల విద్యనూ కలిపి 2019లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. అతడు కొలబద్ద తీయలేదు. గోడ దగ్గర నిలుచొని వేలి కణుపుతో ఒక్కొక్క పలకనూ కొట్టి వినసాగాడు. గట్టిగా అంటిన పలక ఒక విధంగా పలుకుతుంది, వెనుక గార వదిలిన పలక డొల్లగా పలుకుతుంది. డొల్ల పలకమీద సుద్దతో చిన్న గీత పెడుతూ పోయాడు. కొంతసేపటికి మరొక చప్పుడు వినపడి వెనుకకు తిరిగితే, ముసలావిడ ఎదుటి గోడమీద అదే విధంగా కొడుతున్నది. పెళ్లి కాకముందు తండ్రిగారితో కూడ పలకల బేరానికి వెళ్లినప్పుడు నేర్చినది. ఒకచోట ఆగి అతనివైపు చూచింది. అతడు వచ్చి కొట్టి చూచి సుద్దముక్క ఆమె చేతికిచ్చాడు. ఆమెకు స్పానిష్ రాదు, అతనికి తమిళం రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు అంతంత మాత్రం. నాలుగువందల చిల్లర పలకలలో ముప్పైయేడింటికి గీతలు పడినవి. తక్కినవి రాతిలో నాటినట్లు ఉన్నవి. ఊడ్చి పారవేయడానికి ఇది చాలిన కారణం కాదని అతడు అల్లుడితో అన్నాడు.

అతడు చెప్పిన ఉపాయం పాత మేస్త్రీ పనితనం నుండి పుట్టినదే. మొదటిది గోడ సంగతి. ఆ గోడకు అవతల పడకగదిలోని బట్టల అలమారా ఉన్నది. కుళ్లిన కమ్మీలను ఇటునుంచి కాక అటునుంచి, అలమారా వెనుకగోడ కోసి తీయవచ్చును. చేతికడ్డీ నిలవడానికి కావలసిన అడ్డపలకలను కూడ అటునుంచే బిగించవచ్చును. పాత ఇనుప నీటిగొట్టాలలో తుప్పు పేరుకొని లోపలి దారి పెన్సిలంత అయింది. వాటినీ అటునుంచే తీసి రాగి గొట్టాలు వేయవచ్చును. నక్షత్రాల వరుసకు చెయ్యి తగలదు. రెండవది నేల సంగతి. 1928 నాటి మేస్త్రీ గది నేలకు గార దిండు చాలా మందంగా పరిచి దానిమీద ఆరుమూలల చిన్న పలకలు వేశాడు. తొట్టి కింద మాత్రం ఆ దిండు లేదు, వట్టి చెక్కలే. కాబట్టి తొట్టి తీస్తే అక్కడి నేల రెండున్నర అంగుళాలు పల్లంగా ఉంటుంది. అడుగుకు పావంగుళం చొప్పున వాటం పెట్టడానికి ఆ లోతు చాలును. మెట్టు అక్కరలేదు, గడప అక్కరలేదు, పాత నేలను తవ్వనక్కరలేదు. ఆనాటివాడు పలుచగా పని కానిచ్చి ఉంటే ఈ వెసులుబాటు ఉండేది కాదు.

పోవలసినది పచ్చని తొట్టి ఒక్కటే. దానిని నిలపడానికి మార్గం లేదు. మూడువైపులా గోడపలకలు దాని అంచులమీద కూర్చున్నవి. మూడువందల పౌండ్లకు పైగా బరువుండే పోత ఇనుమును పైకెత్తితే పక్కగోడలను గీరుకొంటూ వస్తుంది. ఉన్నచోటనే పగలగొట్టాలి. ఆ పని పెట్టుకొన్ననాడు కూతురు తల్లిని దూరంగా గుడికి తీసుకొనిపోదామనుకొన్నది. తల్లి రానన్నది. పాత మెరుగుపూతలలో, పాత రంగులలో సీసం ఉండవచ్చును. ఇళ్లకు పూసే రంగులలో సీసాన్ని అమెరికా 1978లో గాని నిషేధించలేదు. అందుచేత గుమ్మానికి రెండు పొరల తెరలు కట్టి, పలకలమీద నీరు చల్లుతూ, తొట్టిమీద బొంతలు కప్పి, మేస్త్రీ సమ్మెట ఎత్తాడు. ఆమె తెర ఇవతల కుర్చీలో కూర్చొని, ఒక్కొక్క దెబ్బనూ వింటూ, చివరి ముక్క బయటికి పోయేదాకా లేవలేదు.

పని అయిదు వారాలు సాగింది. అన్నాళ్లూ ఇంటిల్లిపాదీ తుండుగుడ్డలు భుజాన వేసుకొని వీధి చివరి స్నేహితుల ఇంటికి స్నానానికి పోయివచ్చారు. ఆ కష్టాలు వర్ణించనక్కరలేదు. మేస్త్రీ తరచు బాల్దె కావాలని కేక వేసేవాడు. ఇంటివారికి మొదట తోచలేదు, అతడు చేతితో చూపించిన తరువాత నవ్వుకొన్నారు. పోర్చుగీసువారి ఓడలమీద మన దేశానికి వచ్చి బాల్చీ అయిన మాటే అది. రెండు సముద్రాలు చుట్టి వచ్చిన ఆ రెండు మాటలు ఆ ఇరుకుగదిలో తారసపడినవి.

అన్నీ నిలిచినవని చెప్పడం సరికాదు. చేతికడ్డీకి బెజ్జాలు వేసేటప్పుడు, వజ్రపు పొడి పొదిగిన బరమాతో, నీటి చుక్క వేస్తూ, నెమ్మదిగా తిప్పుతున్నా, మూడవ బెజ్జం దగ్గర ఒక నక్షత్రపు పలక అడ్డంగా పగిలింది. మేస్త్రీ టోపీ తీసి చేత పట్టుకొని ఊరకున్నాడు. “పోనీలే నాయనా, అది కడ్డీ వెనుకకు పోతుంది” అన్నది ముసలావిడ తన భాషలోనే. ఆ పగులు ఇప్పటికీ అక్కడ ఉన్నది. తొట్టి అంచున ఉండిన అడుగు వరుసను కోసి తీయగా పదకొండు పచ్చపలకలు చెక్కుచెదరకుండా వచ్చినవి. వాటిలో ఏడు సబ్బు గూడు కన్నం పూడ్చడానికి సరిపోయినవి.

తొట్టి పోయినచోట గోడ అడుగున పదహారంగుళాల మేర బోడిగా మిగిలింది. పాత పచ్చకు సరిగా నప్పే పలకలు నేడు కూడ చేసి ఇచ్చేవారున్నారు. కూతురు వాటి నమూనాలు తెప్పించి గోడకు ఆనించి చూచింది. చూపుకు తేడా లేదు. తల్లికి మాత్రం నచ్చలేదు. “కొత్తది కొత్తదిగానే కనపడనీ. పాతదాని వేషం ఎందుకు దానికి?” అన్నది. చారిత్రక కట్టడాలను బాగుచేయడానికి అమెరికా ప్రభుత్వం రూపొందించిన నియమాలలో కూడ, కొత్తగా చేర్చినది పాతదానితో పొందిక కలిగి ఉంటూనే దానికంటె వేరుగా తెలియాలని ఉన్నది. ఆమె ఆ నియమాలు చదవలేదు. తమ ఊరి ఇళ్లకు సినిమాలవారు పూయించిన పురాతనపు పూతలు చూచి విసిగిన మనిషి. చివరకు ఆ మేర తెల్లని సాదా పలకలు వేశారు.

నేలకు పలకలు వేయడానికి ముందు తారుపూత వేయాలి. దక్షిణ కాలిఫోర్నియాలో ఇది పాత ఆచారం. ఒక ఉదయం బండి వెనుక తారు కాగే పెద్ద డేగిసాతో ఇద్దరు మనుషులు వచ్చారు. పొగ వీధంతా కమ్మింది. మందపాటి కాగితం పరచడం, దానిమీద మరిగే తారు పూయడం, మళ్లీ కాగితం, మళ్లీ తారు, ఇట్లా మూడు పొరలు. చల్లారిన తరువాత తూముకు బిరడా కొట్టి, పల్లమంతా నీరు నింపి, అంచున సుద్దగీత గీశారు. నగరపు తనిఖీ అధికారి మరునాడు వచ్చి చూచేవరకు నీరు ఆ గీత నుండి దిగకూడదు. దిగితే మళ్లీ మొదటికి.

ఆ రాత్రి రెండు గంటలప్పుడు కూతురికి మెలకువ వచ్చి చూస్తే స్నానాలగదిలో వెలుతురు ఉన్నది. తల్లి గుమ్మం దగ్గర పీటమీద కూర్చొని, చిన్న టార్చిలైటు నీటిమీద పెట్టి గీత వంక చూస్తున్నది. నల్లని తారుమీద నిలిచిన నీరు ఊరి చెరువువలె కదలక ఉన్నది.

“దిగిందా అమ్మా?”

“లేదు. నువ్వు పోయి పడుకో.”

కూతురు పడుకోలేదు. పక్కనే గోడకు ఆనుకొని కూర్చున్నది. తెల్లవారేవరకు ఇద్దరూ కారైక్కుడి ఇంటి గురించి మాట్లాడుకొన్నారని తరువాత అల్లుడు చెప్పేవాడు. ఏ గది ఎటువైపు ఉండేదో, గులాబీల పలకలు ఏ గోడకు ఉండేవో తల్లి చెబుతుంటే కూతురు కాగితంమీద గీసుకొన్నదట. అధికారి వచ్చి వంగి చూచి సంతకం పెట్టి వెళ్లాడు.

మరి పది రోజులకు గది సిద్ధమయింది. మేస్త్రీ మిగిలిన నాలుగు పచ్చపలకలనూ కడిగి తుడిచి ముసలావిడ చేతిలో పెట్టాడు. ఆమె వాటిని పాత నూలు చీర ముక్కలో చుట్టి తన పెట్టెలో పెట్టుకొన్నది.

మరునాటి ఉదయం ఆమె ఇత్తడి చెంబు తీసుకొని లోపలికి వెళ్లింది. అడుగు ఎత్తనక్కరలేకుండానే పాత నేల నుండి కొత్త నేలలోకి నడిచింది. కూర్చోలేదు. మొదటి చెంబు నీరు అవతలి మూలన పోసి నిలుచొని చూచింది. నీరు ఒక్క క్షణం ఆగి, పీట కాళ్ల దగ్గర రెండు పాయలై, మళ్లీ కలిసి తూములోకి దిగింది. రెండవ మూలన మరొక చెంబు పోసింది. అదీ దిగింది.

“వాటం తెలిసినవాడే” అని గుమ్మంలో నిలుచున్న కూతురితో చెప్పి తలుపు వేసుకొన్నది.

గంట తరువాత, తడి తలకు తుండుగుడ్డ చుట్టుకొని, వంటగదిలోకి పోయి పొయ్యి వెలిగించింది.